కండ్లకలక చూపుతో అంటుతుందా?

2023 వానాకాలంలో తెలంగాణ అంతటా కండ్లకలక వ్యాపించింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో చదివే మీరు “వాడి కండ్లలోకి చూడకు, నీకూ అంటుతుంది” అనే మాట వినే ఉంటారు. అది నిజం కాదు.

కనురెప్పల లోపలి వైపును, తెల్లగుడ్డును కప్పే పలుచని పొర వాచి ఎర్రబడడమే ఈ జబ్బు. మరమగ్గాల నూలుదుమ్ము పడినా కన్ను ఎర్రబడుతుంది, అది అంటదు. వైరస్ వల్ల వస్తే మాత్రం అంటుతుంది. ఎలాగంటారా? మీ స్నేహితుడు కన్ను నలుపుకున్న చేతితోనే బడిలో నల్లా తిప్పుతాడు. తరువాత మీరూ తిప్పుతారు, అదే చేతితో కన్ను తుడుచుకుంటారు. అంతే! ఇంటిల్లిపాదీ వాడే తువ్వాలు కూడా చాలు. నల్లకళ్ళద్దాలు రోగికి వెలుతురు బాధ తగ్గిస్తాయే గాని, ఇతరులను కాపాడవు.

సబ్బుతో తరచు చేతులు కడుక్కోండి. వైరస్ కలక సాధారణంగా ఒకటి రెండు వారాలలో దానంతటదే తగ్గుతుంది. కంట్లో చనుబాలు పోయకండి. డాక్టరు చెప్పని చుక్కలూ వద్దు. స్టెరాయిడ్ చుక్కలు ఒక్కోసారి చూపుకే ముప్పు తెస్తాయి. నొప్పి ఎక్కువైనా, చూపు మసకబారినా వెంటనే కంటి డాక్టరుకు చూపించండి.