మొదటి సీన్‌లోనే దెయ్యాన్ని దించకండి

కొత్తగా హారర్ కథ రాసేవాళ్ల స్క్రిప్టులు ముక్కాలు మువ్వీసం ఒకేలా మొదలవుతాయి. అర్ధరాత్రి, జోరువాన, పోయిన కరెంటు, కిర్రుమనే తలుపు. అది చూడగానే ప్రేక్షకుడు కుర్చీలో సర్దుకుని భయానికి సిద్ధమైపోతాడు. సిద్ధమైనవాణ్ని భయపెట్టడం కష్టం. సైకలాజికల్ హారర్‌లో తొలి సన్నివేశం చేయాల్సిన పని ఒక్కటే: అంతా మామూలుగానే ఉన్నా ఎక్కడో ఏదో తేడాగా ఉందనిపించడం. సినిమా శాఖల్లో పనిచేస్తున్నవారు తమ తమ పనికి పనికొచ్చే పాఠాన్ని ఈ నాలుగు సినిమాల్లో వెతుక్కోవచ్చు.

కెమెరా శాఖవారికి 'ది షైనింగ్' (1980). పట్టపగలు, మోంటానా కొండల మధ్య ఒక చిన్న పసుపు ఫోక్స్‌వ్యాగన్ వెళ్తుంటుంది. హెలికాప్టర్ నుంచి తీసిన షాట్లు దాన్ని వదలకుండా వెంటాడతాయి. చూస్తున్నది ఎవరో చెప్పకపోవడంలోనే భయం ఉంది. పైగా వినిపించేది పాతకాలపు చావు ప్రార్థన బాణీ.

సౌండ్‌లో ఉన్నవారికి 'రోజ్‌మేరీస్ బేబీ' (1968). న్యూయార్క్ మేడల మీదుగా కెమెరా మెల్లగా కదులుతుంటే, మాటల్లేని జోలపాట వినిపిస్తుంది. పాడింది కథానాయిక మియా ఫారోయే. బిడ్డ కథకు జోలపాట సహజమే. వినేకొద్దీ అదే వణికిస్తుంది.

ఆర్ట్ శాఖవారికి 'హెరిడిటరీ' (2018). బొమ్మరిల్లులోని ఒక గది దగ్గరికి కెమెరా వెళ్తుంది. చూస్తుండగానే అది నిజం గదైపోతుంది, తండ్రి తలుపు తీసి కొడుకును నిద్రలేపుతాడు. ఈ ఇంటివాళ్లు ఎవరి చేతిలోనో బొమ్మలన్న సంగతి సెట్టే చెప్పేసింది.

రచయితలకు 'సైకో' (1960). ఫీనిక్స్ నగరం, శుక్రవారం, డిసెంబర్ 11, మధ్యాహ్నం 2:43 అని తెర మీద పడుతుంది. ఇంత కచ్చితంగా చెబితే ఎవరైనా నమ్ముతారు. వెంటనే కెమెరా సగం దించిన బ్లైండ్ కిందినుంచి హోటల్ గదిలోకి దూరుతుంది. మనచేత తొంగిచూపిస్తుంది.

ఇక సాధన. ఒక్కో సినిమా మొదటి ఐదు నిమిషాలు ఒకసారి శబ్దం తీసేసి చూడండి. ఇంకోసారి కళ్లు మూసుకుని వినండి. మూడోసారి కట్ ఎక్కడెక్కడ పడిందో కాగితం మీద రాసుకోండి. తర్వాత మీ స్క్రిప్టు తొలి పేజీని, అది హారర్ అని చెప్పకుండా, ఒక స్నేహితుడికి ఇవ్వండి. "దెయ్యం కథేనా?" అని అడిగితే తిరగరాయండి. "ఏదో తేడాగా ఉందే" అంటే ఆ తేడాను గట్టిగా పట్టుకోండి. నిర్మాతకు కథ చెప్పేటప్పుడూ ముందు ఆ ఒక్కటే చెప్పండి.

చివరిగా ఒక మాట. మొదట అప్పు చేసింది తర్వాత తీర్చాలి. 'సైకో'లో మొదట మనం తొంగిచూశాం. తర్వాత మోటెల్ నడిపే నార్మన్ గోడ కంతలోంచి తొంగిచూస్తాడు. మీ తొలి షాట్‌కు కథలో అలాంటి జవాబు దొరక్కపోతే, అది ఎంత అందంగా వచ్చినా ఎడిటింగ్‌లో తీసేయండి.