గోడ మీద ఎర్ర మచ్చలు

ఒక పల్లెలోని పొదుపు సంఘం ఆడవాళ్లు లేపాక్షి గుడి చూడడానికి వచ్చారు. వీరభద్ర స్వామికి దండం పెట్టుకున్నారు. వేలాడే స్తంభం కింద కొంగు దూర్చి చూశారు. తరువాత ఒక గోడ దగ్గర ఆగారు. దాని మీద రెండు ఎర్ర మచ్చలు ఉన్నాయి.

"ఇవి విరూపణ్ణ కళ్ల గుర్తులంట" అంది అవ్వ.

"విరూపణ్ణ ఎవరవ్వా?" అని ఒక కోడలు పిల్ల అడిగింది.

అవ్వ కథ చెప్పింది. విరూపణ్ణ విజయనగర రాజు అచ్యుతరాయల దగ్గర ఖజానా అధికారి. ఖజానా అంటే రాజ్యం డబ్బు దాచే చోటు. విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు. ఇద్దరూ ఈ గుడి కట్టించారు. రాజును అడగకుండా ఖజానా డబ్బు ఖర్చు పెట్టాడని విరూపణ్ణ మీద కొందరు చాడీలు చెప్పారు. రాజు కళ్లు తీసేయమన్నాడు. ఆ మాట విని విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడు.

ఇది జనం చెప్పుకునే కథ. అచ్యుతరాయలు 1529 నుంచి 1542 దాకా ఏలాడు. సగంలో ఆగిన కల్యాణ మంటపం ఇప్పటికీ ఉంది. కానీ ఆ డబ్బు సంగతి ఈనాడు ఎవరూ తేల్చి చెప్పలేరు.

"అయితే ఆయన దొంగా? మంచోడా?"

"అడగకుండా ఖర్చు పెట్టి ఉంటే తప్పే. గుడి కట్టించడం మంచి పనే. రెండూ ఒక్క మనిషివే కదమ్మా! ఒక్క పేరు పెట్టి ఎట్లా తేలుస్తాం?" అంది అవ్వ.

ఒకామె తల దించుకుంది. మొన్న సంఘం లెక్కలో 200 రూపాయలు తక్కువ వచ్చాయి. డబ్బు దాచే ఆమెను అందరి ముందు "దొంగ" అన్నది ఈమే.

ఊరికి పోయాక అందరూ కూర్చుని పుస్తకం తెరిచారు. ఇప్పుడు వాళ్లకు చదవడం వచ్చు. ఒక్కొక్క పేరూ చదివారు. ఒకామె తీసుకున్న 120 రూపాయలు రాయలేదని తేలింది. మిగిలిన 80 రూపాయల సంగతి తేలలేదు.

"వదినా, నేను చూడకుండా మాట అన్నాను. తప్పు నాదే" అంది ఆమె.

"80 రూపాయలు తక్కువ" అని పుస్తకంలో రాశారు. "దొంగ" అని రాయలేదు. ఇకమీద లెక్క కింద ఇద్దరు సంతకం చేయాలని తీర్మానించారు.

తెలుసుకోండి

1871లో ఆంగ్లేయుల ప్రభుత్వం ఒక చట్టం చేసింది. కొన్ని కులాలకు పుట్టుకతోనే "నేరస్థులు" అని పేరు పెట్టింది. 1911లో ఆ చట్టం మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలవారిని ఆ జాబితాలో చేర్చారు. ఏ తప్పూ చేయనివారు కూడా పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాల్సి వచ్చేది. 1952లో ఆ చట్టం రద్దయింది. కానీ ఆ పేరు జనం నోట చాలా కాలం పోలేదు.

ఆలోచించండి

1. విరూపణ్ణ మాట రాజు విన్నాడా? కథలో ఆ సంగతి ఉందా?
2. "లెక్క తక్కువ వచ్చింది", "ఆమె దొంగ". ఈ రెండు మాటలకు తేడా ఏమిటి?
3. మీ ఊరిలో ఎవరికైనా ఇట్లా పేరు పెట్టారా? వాళ్లు ఏం చేశారో కళ్లారా చూసింది ఎవరు?