పొగగొట్టం దగ్గర కొలిచేదెవరు?

బాయిలర్ పొగగొట్టం నుంచి ఎంత ధూళి వెలువడుతోందో కొలవడం ఆషామాషీ పని కాదు. పక్కనున్న రంధ్రంలోంచి సన్నని గొట్టం లోపలికి దూర్చి, కొంత వాయువును పీల్చి, వడపోతలో చిక్కిన ధూళిని తూచాలి. లోపల వాయువు ఎంత వేగంతో పైకి పోతోందో, పరికరం కూడా అంతే వేగంతో పీల్చాలి. అంతకంటే వేగంగా పీలిస్తే చుట్టుపక్కల వాయువు వంపు తిరిగి గొట్టంలోకి వస్తుంది. బరువైన రేణువులు మాత్రం జడత్వం వల్ల తమ దారిన తాము పోతాయి. దాంతో ధూళి ఉన్నదానికంటే తక్కువగా తేలుతుంది. నెమ్మదిగా పీలిస్తే ఎక్కువగా తేలుతుంది.

ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నా, చివరికి నివేదికలో చేరే అంకె నిజమైనదేనా? గుజరాత్‌లో ఈ ప్రశ్నకు సమాధానం వెతికారు.

హైకోర్టు ఆదేశంతో 1996 నుంచి ఆ రాష్ట్రంలో కాలుష్యకారక పరిశ్రమలకు ఏటా పర్యావరణ ఆడిట్ తప్పనిసరైంది. బయటి ఆడిటర్లు వచ్చి కొలిచి, కాలుష్య నియంత్రణ మండలికి నివేదిక పంపాలి. అయితే అప్పట్లో ఆడిటర్‌ను ఎంచుకున్నదీ, ఫీజు చెల్లించిందీ ఫ్యాక్టరీయే. కఠినంగా కొలిచిన ఆడిటర్‌కు మరుసటి ఏడాది పిలుపు రాకపోయే అవకాశం ఉండేది.

ఎస్తర్ డఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికోలస్ రయాన్ అనే ఆర్థికవేత్తలు మండలితో కలిసి 2009-11 మధ్య అహ్మదాబాద్, సూరత్ ప్రాంతాల్లోని 473 ఫ్యాక్టరీలపై ప్రయోగం చేశారు. సుమారు సగం ఫ్యాక్టరీలకు ఆడిటర్లను లాటరీ పద్ధతిలో కేటాయించారు. ఫీజు ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు. కొన్ని కొలతలను మరో బృందం వెళ్లి తిరిగి కొలిచింది. రెండో ఏడాది ఆడిటర్ల పారితోషికాన్ని కొలతల కచ్చితత్వంతో ముడిపెట్టారు. మిగతా ఫ్యాక్టరీల్లో పాత పద్ధతే నడిచింది.

ధూళికి పరిమితి ఘనపు మీటరుకు 150 మిల్లీగ్రాములు. పాత పద్ధతి ఆడిట్ల ప్రకారం పరిమితి దాటినవి 7 శాతమే. తిరిగి కొలిస్తే అవి 59 శాతమని తేలింది! ఆడిటర్లు రాసిన అంకెల్లో చాలావరకు పరిమితికి కాస్త దిగువన గుంపుగా చేరాయి. గ్రాఫు గీస్తే గీతకు ఇవతల గుట్ట, అవతల ఖాళీ. వందల పొగగొట్టాలు తమంతట తాము ఇలా ప్రవర్తించవు. కొత్త పద్ధతిలో పనిచేసిన ఆడిటర్లు, పరిమితికి లోబడి ఉందని తప్పుగా రాయడం 80 శాతం తగ్గింది. ఫ్యాక్టరీలు కాలుష్యాన్ని కూడా తగ్గించాయి, ముఖ్యంగా అందరికంటే ఎక్కువ వదులుతున్నవి.

పర్యావరణ నిర్వహణ వ్యవస్థలకు ఈ ఫలితం గట్టి పరీక్షే. 1996లోనే వెలువడిన ఐఎస్ఓ 14001 ప్రమాణం ప్రకారం సంస్థ తన వల్ల పర్యావరణంపై పడే ప్రభావాలను గుర్తించి, లక్ష్యాలు పెట్టుకుని, పనితీరును కొలిచి, లోపాలు సరిదిద్దుకుంటూ పోవాలి. ఎన్ని మిల్లీగ్రాములు మించరాదో ఆ ప్రమాణం చెప్పదు. అది చట్టం పని. అందుకే గోడకు తగిలించిన ధ్రువపత్రాన్ని చూసి పొగ శుభ్రంగా ఉందనుకోలేం. ఆ వలయమంతా కొలతల మీదే నడుస్తుంది. కొలతే అబద్ధమైతే సరిదిద్దాల్సిన లోపం ఎవరికీ కనిపించదు.

కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో ప్రకటించిన పర్యావరణ ఆడిట్ నియమాల్లో, నమోదైన ఆడిటర్లను లాటరీ తరహాలో కేటాయించే ఏర్పాటు ఉంది. గుజరాత్‌లో మాత్రం కేటాయింపు, ఫీజు, పునఃపరీక్ష, కచ్చితత్వానికి పారితోషికం ఒక మూటగా అమలయ్యాయి. వాటిలో దేని వాటా ఎంతో ఆ ప్రయోగం విడదీసి చెప్పలేదు.