ఇరుసుకు గ్రీజా, ఆయిలా?

ఈ పాఠం ఉద్దేశం

కొండదారుల్లో తిరిగే పాత జీపు ఇరుసులకు గ్రీజు పెట్టాలా, ఆయిలు పోయాలా? చూడటానికి ఇది చిన్న ప్రశ్న. మీలో కొందరు మెకానిక్ షెడ్డులో పనిచేస్తూ ఈ పుస్తకం చదువుతూ ఉండవచ్చు. కొందరు బండి నడుపుతూ ఉండవచ్చు. బండి కిందికి ఎన్నడూ తొంగిచూడని వారూ ఉండవచ్చు. ఈ పాఠం చదివిన తర్వాత, ఇరుసులోని ఏ భాగానికి ఏది సరిపోతుందో మీరు కారణంతో సహా చెప్పగలుగుతారు. ఆయిలు కారుతున్నప్పుడు అది ఎందుకు కారుతోందో వెతకగలుగుతారు. రెండోది మరింత ముఖ్యం. ఎందుకో ముందుకు వెళ్ళేకొద్దీ తెలుస్తుంది.

1. ఎద్దుబండి నుంచి మొదలుపెడదాం

ఎద్దుబండి ఉన్న ఇళ్ళలో 'కందెన' అందరికీ తెలిసిన మాట. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, ముద్దగా చేసి ఇరుసుకు పూసేవారు. ఒక్క ఆముదం పూస్తే చాలదా? చాలదు. నాలుగు చుట్లు తిరిగేసరికి అది కారిపోయి ఇరుసు పొడిబారుతుంది. మసి ఆముదాన్ని పట్టి ఉంచుతుంది. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఇరుసును జారేటట్టు చేసేది ఆముదం, మసి కాదు. మసి దానికి ఆసరా మాత్రమే.

డబ్బాలో దొరికే గ్రీజు కూడా ఇంతే. అందులో అధికభాగం ఆయిలే. దానికి ఆసరాగా లిథియం సబ్బో, కాల్షియం సబ్బో కలుపుతారు. తడిసిన స్పాంజిలో నీరు ఉన్నట్లు ఆ సబ్బులో ఆయిలు ఉంటుంది. ఒత్తిడి, వేడి తగిలినప్పుడు కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. కాబట్టి గ్రీజు, ఆయిలు వేరువేరు జాతులు కావు. ఒకటి చోటు కదలని ఆయిలు, రెండోది ప్రవహించే ఆయిలు. మన ప్రశ్నను ఇప్పుడు ఇలా మార్చుకోవచ్చు: ఈ భాగానికి కందెన ఉన్నచోటే నిలవాలా, లేక పారి మళ్ళీ తిరిగి రావాలా?

డబ్బాల మీద అంకెలు కనిపిస్తాయి. గ్రీజు గట్టిదనాన్ని ఎన్.ఎల్.జి.ఐ. అంకెలతో చెబుతారు. ఈ అంకెలు 000 నుంచి 6 వరకు ఉంటాయి. 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గ్రీజులోకి ఒక లోహపు శంకువును వదిలి, అది ఎంత లోతుకు దిగిందో కొలుస్తారు. 2వ నెంబరు గ్రీజులో అది 26.5 నుంచి 29.5 మిల్లీమీటర్లు దిగుతుంది. 00 నెంబరులో 40 నుంచి 43 మిల్లీమీటర్లు దిగుతుంది. అంటే 00 గ్రీజు పలచని జావలా ఉంటుందన్నమాట. గేర్ ఆయిలు డబ్బా మీద ఉండే 90 అంకెకు దీనితో సంబంధం లేదు. అది ఆయిలు చిక్కదనాన్ని చెప్పే మరో కొలత. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

2. సందేహం లేని రెండు చోట్లు

ఇరుసు మధ్యలో లావుగా ఉండే గుండులో డిఫరెన్షియల్ ఉంటుంది. అక్కడ ఆయిలు తప్ప మరొకటి పనికిరాదు. లోపలి పెద్ద పళ్ళచక్రం సగం ఆయిలులో మునిగి తిరుగుతూ ఆయిలును పైకి చిమ్ముతుంది. ఆ చిమ్మిన ఆయిలే చిన్న పినియన్ చక్రాన్నీ, దాని బేరింగులనూ తడిపి, వేడిని మోసుకుని కిందికి దిగుతుంది. ఆ స్థానంలో గ్రీజు నింపితే పళ్ళచక్రం గ్రీజులో ఒక దారి కోసుకుంటుంది. ఆ దారిలో పొడిగా తిరుగుతుంది. పినియన్ బేరింగుకు చుక్క కూడా చేరదు. పాత జీపుల్లో ఇక్కడ ఉండేవి హైపాయిడ్ పళ్ళు. అవి ఒకదానిపై ఒకటి దొర్లడమే కాదు, గట్టిగా రాసుకుంటాయి కూడా. అందుకే తీవ్రమైన ఒత్తిడిని తట్టుకునే ఇ.పి. గేర్ ఆయిలు కావాలి. డబ్బా మీద జి.ఎల్.5 అని ఉంటుంది. అదే ఆయిలును ఆలోచించకుండా గేర్‌బాక్సులో పోయకండి. పాత గేర్‌బాక్సుల్లోని ఇత్తడి, కంచు భాగాలకు కొన్ని జి.ఎల్.5 ఆయిళ్ళు పడవు.

చక్రపు బేరింగులకు గ్రీజు వాడాలి. మామూలుగా 2వ నెంబరు లిథియం గ్రీజు సరిపోతుంది. కాల్షియం గ్రీజు నీటికి బాగా తట్టుకుంటుంది. కానీ సాధారణ కాల్షియం గ్రీజు దాదాపు 100 డిగ్రీల దగ్గరే కరిగి కారుతుంది. లిథియం గ్రీజు దాదాపు 180 డిగ్రీల దాకా నిలుస్తుంది. దిగుడు దారిలో బ్రేకుల వేడి హబ్బుకూ చేరుతుంది కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. గ్రీజును అరచేతిలో పెట్టుకుని, రోలర్ల సందుల్లోకి ఒత్తి నింపాలి. హబ్బు మొత్తం కూరకూడదు. ఎక్కువైన గ్రీజు వేడెక్కి, సీలు దాటి, బ్రేకు డ్రమ్ములోకి పోతుంది. పాత గ్రీజు ఏ రకమో తెలియనప్పుడు దాన్ని పూర్తిగా కడిగి కొత్తది పెట్టండి. కొన్ని రకాల సబ్బులు కలిస్తే గ్రీజు పలచబడి కారిపోతుంది.

3. అసలు తగాదా ఉన్న చోటు

ముందు ఇరుసు కొనలో, చక్రం వెనుక, బంతిలా గుండ్రంగా ఉండే ఇనుప గది కనిపిస్తుంది. షెడ్డుల్లో దీన్ని నకిల్ అంటారు. చక్రం పక్కకు తిరుగుతూనే ఇంజిను బలంతో దొర్లడానికి కావలసిన జాయింటు ఇందులో ఉంటుంది. బంతికి పైన ఒకటి, కింద ఒకటి కీలు ఉంటాయి. బంతి చుట్టూ ఉండే సీలు లోపలి కందెనను బయటికి రానివ్వదు, బయటి బురదను లోపలికి పోనివ్వదు. ఇక్కడ ఏది వేయాలన్నదే మెకానిక్‌ల మధ్య తెగని వాదన.

రెండు బండ్లను చూద్దాం. డార్జిలింగ్ జిల్లాలో మానేభంజన్ నుంచి 3,636 మీటర్ల ఎత్తున ఉన్న సందక్‌ఫూకు 1950ల నాటి ల్యాండ్ రోవర్లు దశాబ్దాల పాటు ప్రయాణికులను మోశాయి. రాళ్ళు తేలిన ఏటవాలు దారి అది. ఆ పాత ల్యాండ్ రోవరు బంతి గదిలో ఒక్కోదానికి సుమారు అర లీటరు 90 నెంబరు ఇ.పి. ఆయిలు పోయాలని దాన్ని తయారుచేసిన వారే చెప్పారు. మన దేశంలో 1985లో వచ్చిన మారుతి జిప్సీలోనూ ఇలాంటి గదే ఉంది. కానీ దానికి గ్రీజు వాడాలి. ఆకారం ఒకటే, కందెన వేరు. కారణం నిర్మాణంలో ఉంది. ల్యాండ్ రోవరులో తిరిగే జాయింటు ఆయిలును చిమ్మితేనే పై కీలు తడుస్తుంది. జిప్సీలో కీళ్ళ బేరింగులకు ముందే గ్రీజు పట్టించి బిగిస్తారు. కాబట్టి పక్కబండికి ఏం వేశారో అడగడం కంటే మీ బండి కరదీపికలో ఏముందో చూడడం మేలు.

ఇక షెడ్డులో సాధారణంగా ఏం జరుగుతుందో చూడండి. పాత బండి బంతి తుప్పుపట్టి గరుకుదేలుతుంది. ఆ గరుకు సీలును కోస్తుంది. ఆయిలు కారుతుంది. "గ్రీజు కొట్టేయండి, కారడం ఆగిపోతుంది" అంటారు. నిజమే, ఆగిపోతుంది. 2వ నెంబరు గ్రీజు తిరిగే జాయింటు దెబ్బకు గోడలకు అంటుకుని అక్కడే ఉండిపోతుంది. కొన్నాళ్ళకు పై కీలు ఎండిపోతుంది. స్టీరింగు బరువెక్కుతుంది. కీలు వదులై, ఒక వేగం దగ్గర చక్రం వణకడం మొదలవుతుంది. పది మందిని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు ఆ వణుకు వస్తే ఏమవుతుందో మీరే ఊహించండి. నేలమీద ఆయిలు మరక ఉన్నంతకాలం జబ్బు కనిపిస్తూనే ఉంది. గ్రీజు జబ్బును కాదు, మరకను తీసేసింది.

దీనికి మధ్యేమార్గం ఉంది. 00 నెంబరు జావ గ్రీజు ఆయిలులా తిరిగి వచ్చి చేరుతుంది, ఆయిలంత సులభంగా కారదు. ల్యాండ్ రోవరు వారే తర్వాతి కాలపు బండ్లకు బంతి గదిలో వాడే పలచని గ్రీజును ప్రవేశపెట్టారు. షెడ్డులోనే గట్టి గ్రీజును గేర్ ఆయిలులో కలిపి పోసేవారు కూడా ఉన్నారు. ఆ మిశ్రమంలో ఆయిలు విడిపోయి కారుతుంది, సబ్బు ముద్ద మిగులుతుంది. దారిలో ఇరుక్కున్నప్పుడు ఇల్లు చేరడానికి తప్ప దాన్ని నమ్మవద్దు.

4. కారడానికి ముందు ఊపిరి చూడండి

ఇరుసు పైభాగంలో చిటికెనవేలంత కూడా లేని ఒక గాలి మూత ఉంటుంది. బ్రీదర్ అంటారు. బండి నడిచేకొద్దీ లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. బ్రీదర్ బురదతో మూసుకుపోతే ఆ గాలి సీళ్ళను తోసుకుని బయటికి వస్తుంది, ఆయిలునూ వెంట తెస్తుంది. వేడెక్కిన ఇరుసు వాగులో దిగినప్పుడు దీనికి విరుద్ధంగా జరుగుతుంది. గాలి చల్లబడి సంకోచిస్తుంది, సీలు సందుల్లోంచి నీటిని లోపలికి పీలుస్తుంది. వాగు దాటిన మర్నాడు లెవెల్ బిరడా విప్పి వేలు పెట్టి చూడండి. ఆయిలు పాలు కలిసిన కాఫీలా ఉంటే వెంటనే మార్చాలి. కొత్త సీలు కొనేముందు బ్రీదర్ శుభ్రం చేయడానికి ఖర్చేమీ లేదు. చాలామంది చూడనిది కూడా అదే.

పాఠ్యగత ప్రశ్నలు

1. కందెనలో మసి చేసే పనిని గ్రీజులో ఏది చేస్తుంది?

2. డిఫరెన్షియల్‌లో గ్రీజు నింపితే ముందుగా దెబ్బతినే భాగం ఏది? ఎందుకు?

3. ఒక డ్రైవరు ముందు చక్రం లోపలి వైపు తడిగా ఉందని బండిని మీ దగ్గరకు తెచ్చాడు. ఆ తడి బంతి సీలు నుంచి వచ్చిన గేర్ ఆయిలా, హబ్బు సీలు దాటిన గ్రీజా, బ్రేకు నూనెనా? మూడింటినీ ఎలా వేరుచేస్తారు? వీటిలో ఏది అయితే బండిని అడుగు కూడా కదలనివ్వరు? మీ జవాబును పది వాక్యాల్లో రాసి, దగ్గరలోని మెకానిక్‌కు చదివి వినిపించండి. ఆయన ఒప్పుకోని వాక్యాల కింద గీత గీసి, ఆయన చెప్పిన కారణాన్ని పక్కన రాసుకోండి.