మేత లెక్క

గూడూరు,
ఆదివారం.

అబ్బయా,

మొన్న రామతీర్థం వచ్చి మీ చెరువుకాడ షెడ్డులో ఒక పూట ఉన్నా గదా, అప్పటినుంచీ నీ కంచమే కళ్లముందు మెదులుతోంది. అన్నం గుట్ట, పక్కన రొయ్యల వేపుడు. పచ్చగా కనపడింది కరివేపాకు ఒక్కటే. అదీ ఏరి అంచున పెట్టావు.

రొయ్యకైతే మేత తూకమేసి చల్లుతావు, కాసేపటికి చెక్ ట్రే ఎత్తి తిన్నదో లేదో చూస్తావు. నీ కంచం ఎవరు చూడాల? హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2024లో మనుషులకీ మేత లెక్క రాసిచ్చారు. రోజుకు ఆకుకూరలతో సహా కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100. కంచంలో సగం ఇవే ఉండాలంట. ఒళ్లొంచి పనిచేసేవాడివి, అన్నం తగ్గించమని నేననను. కూర పెంచు. బంగాళాదుంప వేపుడు చూపించి తప్పించుకోబోకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 400 గ్రాముల్లో దుంపలకు చోటే లేదు. చేపల పులుసులో మామిడికాయ ముక్కలు పడ్డాయి గదా అంటావేమో, రెండు ముక్కలకు మార్కులెయ్యను.

నీ వయసులో నేనూ ఇంతే. మేడ మెట్లెక్కితే ఆయాసం. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8. మాత్రలు మింగుతూనే ఆకుకూర మొదలుపెట్టా. ఆకుకూరలో ఇనుము ఒంటికి సరిగా పట్టాలంటే పులుపు తోడుండాల. ఆకుకూర పప్పు దించినాక నిమ్మకాయ పిండు, పొయ్యిమీద ఉండగా కాదు. తిన్న వెంటనే టీ మాత్రం వద్దు, పట్టే ఇనుమును అది అడ్డుకుంటుంది. మీ షెడ్డులో టీ ఫ్లాస్కు కంచం పక్కనే ఉంటుంది, చూశాలే.

అక్కడ కూరలు దొరకవన్నావు. గట్టంతా చౌడే, నిజమే. ఖాళీ మేత సంచులు నాలుగు దులిపి కడిగి, ఊళ్లోనుంచి మంచి మట్టి తెచ్చి నింపు. తోటకూర విత్తనం చల్లి, బియ్యం కడిగిన క్యాన్ నీళ్లు పోసినా చాలు, నెల తిరక్కుండా కోతకొస్తుంది. మునగాకు అడిగితే ఊళ్లో ఎవురైనా కోసిస్తారు. యాపిల్ కొనమనడం లేదు. జామకాయ కొరుకు, సి విటమిన్‌లో నారింజకంటే అదే మేలు.

బస్సులో సంచి పంపుతుండా. మార్కెట్లో ఏరి తెచ్చిన నిమ్మకాయలు. అడుగున ఉండేవి బాగా పండినవి, ముందు అవి వాడు.

మీ మేనత్త