సాయంత్రం ఏ బస్సుకు వస్తున్నవ్ చెల్లే?

చెల్లే, డిగ్రీల చేరినవ్. దోస్త్ వెబ్‌సైట్ల ఆప్షన్లు పెట్టుడు, సీటు ఎక్కడ పడ్డదో అని గంటకోసారి ఫోన్ చూసుడు, కాలేజీకి పోయి కన్ఫర్మ్ చేసుకునుడు, అన్నీ అయిపోయినయ్. కొత్త బ్యాగు గూడ వచ్చినట్టుంది. సంబరమే. ఇగ నేను అడిగేది ఒక్కటే: సాయంత్రం ఏ బస్సుకు ఇంటికి వస్తున్నవ్?

నవ్వకు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కాలేజీలల్ల ఫస్టియర్ పిల్ల ఎవరు కలిసినా నేను ముందు ఇదే అడుగుత. చివరి బెల్లు కొట్టంగనే బ్యాగు భుజానేసుకుని బస్టాండుకు ఉరికే పిల్లలుంటరు. వాళ్లకు కాలేజీ అంటే క్లాసులే. ఇంకో గంటన్నర ఆగేటోళ్లకు అదే కాలేజీ వేరే తీరుగ కనవడ్తది. లైబ్రరీ, ఎన్నెస్సెస్ మీటింగు, కబడ్డీ, యువతరంగం పోటీలకు పాట నేర్చుకునుడు, మేడమ్‌ను నింపాదిగ ఒక డౌటు అడుగుడు, ఇవన్నీ బెల్లు కొట్టినంకనే. మూడున్నర బస్సోళ్లు, ఐదున్నర బస్సోళ్లు అని నా లెక్కల రెండు జట్లు. తెలివికీ దీనికీ సంబంధమే లేదు, మంచి మార్కులొచ్చే పిల్లలు మూడున్నర బస్సులనే ఎక్కువ ఉంటరు.

కిరాయి రంది ఇప్పుడు లేదు గదా. 2023 డిసెంబర్ 9 నుంచి మన ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ రెండిట్ల ఉచితమే. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ చేతుల పెడ్తడు. మా కాలంల పాస్ మీద ఏ రూటు రాసి ఉంటే ఆ రూటే. దోస్తుతోని ధర్మపురి పోయి గోదావరి చూసి రావాలన్నా చిల్లర లెక్కపెట్టుకునుడే. ఇప్పుడు కోరుట్ల పిల్ల పుస్తకం కోసం జగిత్యాలకు పోవచ్చు, సిరిసిల్ల పిల్ల కరీంనగర్ల శాతవాహన యూనివర్సిటీ ఎట్లుంటదో ఒకసారి చూసి రావచ్చు. ఇంట్ల పైసలడిగే పని లేదు. ఆడపిల్లకు అది చిన్న సంగతి కాదు. బస్సుల సీటు దొరకదు, నిలబడే రావాలె, మగోళ్లు గులుగుతరు. గులగనీ.

పైసల ముచ్చట ఒడిసింది, ఇల్లు ఉన్నది ఇంక. "పొద్దుగూకినంక బస్సేందే? ఊళ్లె ఏమనుకుంటరు?" అని అవ్వ అంటది. మొన్న కోరుట్ల దిక్కు ఊరి పిల్లొకతి ఇదే చెప్పుకుని బాధపడ్డది. వాళ్లింట్ల ఒప్పుకోవాల్సింది అవ్వ గూడ కాదు, బాపు. బాపు దుబాయ్‌ల. మన జిల్లాల ఇది కొత్తదా? కాలేజీల ఎంతసేపు ఉండాల్నో వాట్సాప్ కాల్‌ల తేలుతది. ఆ పిల్లకు నేను చెప్పింది ఇదీ. "లేటయితది" అని అడగకు, ఆ మాట వింటెనే గుండెల రాయి పడ్తది. ఏ రోజు, ఏం పని, మనూరి పిల్లలు ఇంకెవరు ఆగుతున్నరు, ఏ బస్సు, ఎన్నింటికి దిగుత అనేది విప్పి చెప్పు. మనకు ఐదున్నర అయితే అక్కడ నాలుగు, డ్యూటీల ఉంటడు, అప్పుడు కాల్ చేస్తే చిరాకు పడ్తడు. రాత్రి రూముకొచ్చి స్టవ్ మీద అన్నం పెట్టుకునేటప్పుడు చెయ్యి. ఆయనకు బిడ్డతోని మాట్లాడబుద్ధయ్యే టైము అది. బాపు మంగళవారం, శుక్రవారం ఒప్పుకున్నడట. వారానికి రెండు సాయంత్రాలు. నాకైతే ఫస్టియర్‌కు అది మస్తు అనిపించింది.

ఒకటి మాత్రం గట్టిగ చెప్తున్న. బస్సు దిగినంక మీ ఊరు రోడ్డు మీదనే ఉంటదా, లోపటికి నడవాల్నా? లైటు లేని తొవ్వ, తోడు లేదు అంటే ఆగకు. పొద్దుగాల ముందు బస్సుకు పో, క్లాసులకంటే ముందు గంట దొరుకుతది. ఎవడన్న వెంటబడ్తే షీ టీమ్స్ ఉన్నయ్, 2014 నుంచి పనిచేస్తున్నయ్, 100 కొట్టు. అవ్వకు తెలిస్తే చదువు బంద్ పెడ్తదని దాచిపెట్టుకునే పిల్లలను నేను మస్తు మందిని చూసిన. అవ్వకు చెప్పలేకపోతే మేడమ్‌కన్నా చెప్పు. ఇంకోటి, సాయంత్రం దాక ఉండాలంటే బాత్రూం మంచిగుండాలె. లేదని పొద్దంత నీళ్లు తాగకుండ ఉండకు. పదిమంది పిల్లలు కలిసి ప్రిన్సిపాల్‌కు కాగితం రాసియ్యుండ్రి. సంతకాలు పెట్టి ఏదన్న అడుగుడు నేర్చుకునేటందుకు గూడ ఇది మంచి మొదలే.

ఇగ ఆ గంటన్నరల ఏం చేస్తవ్? నన్నడిగితే మొదటి ఏడాది ఎన్నెస్సెస్‌ల పేరు రాయించు. ఏడాదికి 120 గంటల పని, రెండేండ్లకు 240, మధ్యల ఒక ఊళ్లె ఏడు రోజుల క్యాంపు. సర్టిఫికెట్ వస్తదని చేరుతరు గని, నేను చేరమనేది ఆ ఏడు రోజుల కోసం. బడి గదిల చాపలు పరుచుకుని పడుకునుడు, వంతుల వారీగ పొద్దుగాల ఉప్మా చేసుడు, మోరీలు తీసుడు, తర్వాత కాగితాలు పట్టుకుని ఇల్లిల్లు తిరిగి సర్వే. మొదటి గడప కాడనే ముసలవ్వ అడుగుతది, "ఎవల బిడ్డవే నువ్వు?" అని. మనూళ్లె అయితే బాపు పేరు, తాత పేరు చెప్తే సరిపోతది. ఆ ఊళ్లె మీ తాత ఎవరికి ఎరుక? నీ పేరు, నీ కాలేజీ పేరు, నువ్వొచ్చిన పని నువ్వే చెప్పాలె. మొదటి ఇంటికాడ గొంతు లేవది, పక్క పిల్లను మోచేతితోని పొడుస్తవ్. సాయంత్రానికి గద్దె మీద కూసోని ముసలవ్వతోని పింఛన్ ఎందుకు ఆగిందో మాట్లాడుకుంట ఉంటవ్. స్టేజీ మీద మైకు పట్టుకునుడు దీని తర్వాత పెద్ద పని కాదు.

ఇంగ్లిష్ మీడియం భయం సంగతి నాకు ఎరుకే. ఇంటర్ దాక తెలుగుల చదివి, ఒక్కసారిగ క్లాసంత ఇంగ్లిష్‌ల అయితే మొదటి సెమిస్టర్ల ఏడ్వని పిల్ల లేదు. మన దిక్కు పుట్టిన కవి సినారెనే చూడు. వేములవాడ దగ్గరి హన్మాజీపేటల 1931ల పుట్టిండు, సిరిసిల్లల చదువుకున్నడు. అప్పుడు నిజాం సర్కారు, చదువు ఉర్దూ మీడియం. హైదరాబాద్ పోయి ఇంటర్, ఉస్మానియాల బి.ఏ. గూడ ఉర్దూ మీడియంలనే చేసిండు. అసొంటాయన తెలుగు ఎమ్మే చేసి, పాఠాలు చెప్పి, 'విశ్వంభర'కు 1988 జ్ఞానపీఠం తెచ్చుకున్నడు. తెలుగు పుస్తకాల కోసం ఆయన పోయి కూసున్నది సుల్తాన్‌బజార్ల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంల. అంటే లైబ్రరీలనే. నువ్వు గూడ ముందు తెలుగు అకాడమీ పుస్తకంల పాఠం చదివి అర్థం చేసుకో, తర్వాత అదే పాఠం ఇంగ్లిష్ పుస్తకంల తీసి పైకి చదువు. బస్సుల అయ్యే పని కాదు ఇది, బల్ల ముందట కూసోని చెయ్యాలె.

సెకండియర్‌కు వచ్చేసరికి జిజ్ఞాస మీద కన్నెయ్యి. సర్కారు డిగ్రీ కాలేజీలల్ల ఐదారుగురు పిల్లలు, ఒక లెక్చరర్ కలిసి ఏదన్న ఒక సంగతి మీద తిరిగి, అడిగి, రాసి సమర్పించే ప్రాజెక్టు అది. మంచిగుంటే రాష్ట్రస్థాయి దాక పోతది. ఇంటర్నెట్ల చూసి గ్లోబల్ వార్మింగ్ రాసే పిల్లలను చూస్తే నాకు కోపమొస్తది. సిరిసిల్ల పిల్లవు, ఇంటి వెనుక సాంచాల సప్పుడుకు నిద్రపోయి పెరిగినవ్. 2017ల బతుకమ్మ చీరల ఆర్డర్ వచ్చినప్పుడు ఆసామికి ఏం మిగిలింది, పని చేసేటోళ్లకు ఏం మిగిలింది, ఆర్డర్ లేని నెలల కూలి ఎంత, నీకన్న మంచిగ ఎవరు అడగగలుగుతరు? కోరుట్ల దిక్కు పసుపు ఉన్నది. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015ల మూతపడ్డంక చెరుకు పెట్టిన రైతు ఏం పెట్టిండో అడుగు. మీ బాబాయినే అడుగు, నోటుబుక్కుల రాసుకో.

హాస్టల్ల ఉండే చెల్లెండ్లకు బస్సు లొల్లి లేదు. జగిత్యాల పక్కన పొలాస అగ్రికల్చర్ కాలేజీ, కోరుట్ల వెటర్నరీ కాలేజీ, నాచుపల్లి జేఎన్టీయూ, 2021ల మొదలైన సిరిసిల్ల జేఎన్టీయూ. మీకు టైము దండిగ ఉన్నది, అది ఫోన్ల పోతుంది, అంతే తేడా. మనం తినే జగిత్యాల సన్నాలు పుట్టింది పొలాసలనే అని అక్కడ చదివే పిల్లలకన్న ఎరుకుండాలె. పరిశోధన పొలం పక్కనే ఉన్నది, సాయంత్రం అటు నడువుండ్రి. వెటర్నరీ పిల్లలకైతే ఐదున్నరేండ్ల కోర్సు, మొదటి ఏడాది పశువుల ఎముకల పేర్లు కంఠతా పట్టుడుతోనే సరిపోతది. వాళ్లను నేను ఏమనను.

పోయేముందు ఒక పనికొచ్చే ముచ్చట. అవ్వ బీడీలు చేస్తదా? కార్డు ఉన్నదా? కేంద్ర కార్మిక శాఖ బీడీ కార్మికుల పిల్లలకు స్కాలర్‌షిప్ ఇస్తది. చదువును బట్టి ఏడాదికి 1,000 నుంచి 25,000 రూపాయల దాక ఉంటది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ల అప్లై చెయ్యాలె. వేరే స్కాలర్‌షిప్ తీసుకునేటోళ్లకు ఇది రాదు, అందుకే ఏది లాభమో కాలేజీ ఆఫీసుల ముందే అడుగు. "మా అవ్వ బీడీలు చేస్తది" అని ఫారంల రాసేటందుకు సిగ్గుపడి వదిలేసే పిల్లలున్నరు. తునికాకు కత్తిరించి కత్తిరించి అవ్వ వేళ్లు ఎట్లయినయో చూసినంక గూడ సిగ్గేందే? కార్డు జిరాక్స్ రెండు తీయించి బ్యాగుల పెట్టుకో. చివరి తారీఖు నాడు మీసేవ కాడ లైన్ల నిలబడకు, సర్వర్ డౌన్ ఉంటది.

వచ్చే నెల హాస్టల్ మెస్సు గురించి మాట్లాడుకుందాం. ఉత్తరాలు మస్తు వచ్చినయ్, సగం పప్పు నీళ్ల మీదనే.