బస్సు దిగిన తరువాత: ప్రయాణికుల రక్షణ, పంచాయతీ బాధ్యత

పట్టణమునుండి వచ్చు సాయంకాలపు బస్సు ఊరి అడ్డరోడ్డున ఆగును. కళాశాలలో చదువుకొను బాలికలు, సంతలో కూరగాయలు అమ్ముకొని వచ్చు స్త్రీలు, ఆసుపత్రినుండి తిరిగివచ్చు వృద్ధులు అచట దిగుదురు. అచటినుండి ఊరికి కిలోమీటరో, రెండు కిలోమీటర్లో నడక. దీపము లేదు. దారికి ఇరువైపుల తుమ్మకంపలు. కొన్ని దినములు ఎదురువెళ్ళి తోడు తెచ్చుకొని, ఆ పని సాగక, చివరకు కుమార్తె చదువు మాన్పించిన తల్లిదండ్రులు మన గ్రామములలో కలరు. ప్రయాణ రక్షణ నగరవాసుల సమస్య యని తలచుట సరికాదు. ఈ రక్షణకై ప్రభుత్వము కేటాయించిన ధనమెట్టిది, అది ఏ విధముగా వ్యయమగును, అందు పంచాయతీ చేయవలసిన దేమి యను విషయములను ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

నిర్భయ నిధి

2012 డిసెంబరు 16వ తేదీ రాత్రి ఢిల్లీ నగరమున, నడచుచున్న ఒక ప్రైవేటు బస్సులో విద్యార్థినిపై జరిగిన ఘోరకృత్యము, అనంతరము ఆమె మరణము దేశమునంతటిని కలచివైచినవి. 2013 ఫిబ్రవరిలో కేంద్ర బడ్జెటును సమర్పించుచు ఆర్థికమంత్రి శ్రీ పి. చిదంబరం 1,000 కోట్ల రూపాయలతో నిర్భయ నిధిని ప్రకటించిరి. సాధారణముగా ఒక సంవత్సరమునకు మంజూరైన సొమ్ము మార్చి 31వ తేదీ నాటికి వ్యయము కానిచో మురిగిపోవును. ఈ నిధి అట్లు మురిగిపోకుండ ఏర్పాటు చేయబడినది.

అయినను నిధి యున్నంతమాత్రమున రక్షణ కలుగదు. కేంద్ర మంత్రిత్వశాఖలు, రాష్ట్ర ప్రభుత్వములు పథకములను తయారుచేసి పంపవలెను. స్త్రీ శిశు అభివృద్ధి శాఖ కార్యదర్శి అధ్యక్షతన గల అధికారుల సంఘము వానిని పరిశీలించి సిఫారసు చేయవలెను. రాష్ట్రములు అమలుపరచు పెక్కు పథకములలో నూటికి 60 వంతులు కేంద్రము, 40 వంతులు రాష్ట్రము భరించును. తొలి సంవత్సరములలో ఈ నిధిలో చాలభాగము వ్యయము కాక నిలిచిపోయినది. సొమ్ము మంజూరగుట ఒకటి, అది ప్రజలకు ఉపయోగపడుట మరియొకటి. పంచాయతీ పనులలో అనుభవము గల సభ్యులకు ఈ భేదమును మేము వేరుగ చెప్పనక్కరలేదు.

బస్సులోని ఆపద మీట

2016 నవంబరులో కేంద్ర ప్రభుత్వము మోటారు వాహన నిబంధనలను సవరించినది. ప్రయాణికులను చేరవేయు వాహనములలో వాహనమున్న చోటును తెలుపు పరికరము, ఆపద సమయమున నొక్కవలసిన మీటలు ఉండవలెనని అందు విధించినది. 2019 జనవరి 1వ తేదీనుండి క్రొత్తగా రిజిస్టరగు వాహనములకు ఈ నిబంధన వర్తించినది. మీట నొక్కినచో, వాహన మెచట నున్నదో ఆ వార్త పర్యవేక్షణ కేంద్రమునకు చేరును. అచటినుండి పోలీసులను పంపుటకు వీలగును. ఇట్టి కేంద్రములను రాష్ట్రములలో నెలకొల్పుటకై 2020లో నిర్భయ నిధి క్రింద 463.90 కోట్ల రూపాయల అంచనాతో ఒక పథకము ఆమోదింపబడినది. రైల్వే స్టేషనులలో కెమెరాలు అమర్చుటకును ఈ నిధినుండి ధనము కేటాయింపబడినది.

ఇచట సభ్యులు ఒక లోపమును గమనింపవలెను. 2016 నాటి ఆ నిబంధననుండి మూడు చక్రముల వాహనములు మినహాయింపబడినవి. కాని బస్సు దిగినవారిని ఊరికి చేర్చునది ఆటోయే. ఈ లోపమును పూరించు ఉద్దేశముతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020 నవంబరులో 'అభయం' అను పథకమును విశాఖపట్టణమున 1,000 ఆటోలతో ప్రారంభించినది. దీనికిని నిర్భయ నిధియే ఆధారము.

తెలంగాణలో 2023 డిసెంబరునుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టునుండి ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణ సౌకర్యము ప్రారంభమైనది. బస్సు ఛార్జీకి వెరచి ఇల్లు కదలని స్త్రీలకు దారి తెరువబడినది. కావున బస్సు దిగిన తరువాతి దారిని గూర్చిన బాధ్యత మరింత పెరిగినది.

పంచాయతీ చేయదగినవి

పైన చెప్పిన ధనమంతయు బస్సులోను, స్టేషనులోను, పర్యవేక్షణ కేంద్రములోను వ్యయమగునది. అడ్డరోడ్డునుండి ఇంటి గడపవరకు గల దారికి అది చాలదు. వీధిదీపముల నిర్వహణ గ్రామ పంచాయతీ విధులలో ఒకటి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము, 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ఈ బాధ్యతను పంచాయతీకే అప్పగించినవి. ఈ దిగువ పనులకు గొప్ప వ్యయము అవసరము లేదు.

1. బస్సు ఆగు చోటున, ఊరికి వచ్చు దారిలో దీపములు వెలుగుచున్నవో లేదో సభ్యులు చీకటిపడిన పిదప స్వయముగ నడచి చూడవలెను. పగటిపూట తనిఖీవలన ఈ లోపము తెలియదు.

2. దారికిరువైపుల పెరిగిన కంపను కొట్టించవలెను.

3. చివరి బస్సు వేళ కళాశాల విడుచు వేళకు అనుకూలముగ లేనిచో, బస్సు ఊరి పేట ఆపకున్నచో, తీర్మానము చేసి డిపో మేనేజరుకు పంపవలెను. ఎందరు ప్రయాణికులు, ఏ వేళకు అవసరమో అందు వ్రాసినచో కోరికకు బలము చేకూరును.

4. ఊరికి నడచు ఆటోల నంబర్లు, డ్రైవర్ల పేర్లు పంచాయతీ కార్యాలయమున నమోదు చేయించవలెను. ఇది డ్రైవర్లను అనుమానించుట కాదు. పేరు నమోదైన మంచి డ్రైవరుకు గిరాకీ పెరుగునని వారికి నచ్చజెప్పవలెను.

5. ఆపదలో పిలువవలసిన 112 నంబరును, రైలు ప్రయాణికులకై 139 నంబరును బస్సు షెల్టరు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించవలెను.

6. గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టి, దినమును ప్రయాణించు స్త్రీలచేత మాట్లాడించవలెను. ఏ మలుపున భయము కలుగునో వారికి తెలిసినట్లు మరెవరికిని తెలియదు. వారు చెప్పినదానిని పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చవలెను.

ఢిల్లీలో మంజూరైన కోట్ల రూపాయలు అడ్డరోడ్డువరకు ఆడపిల్లను క్షేమముగ తీసికొనిరాగలవు. అచటినుండి ఆమెను ఇల్లు చేర్చవలసినది మీ పంచాయతీయే. రాబోవు సమావేశమునకు ముందే ఒక సాయంకాలము, చివరి బస్సు వచ్చు వేళకు అడ్డరోడ్డుకు వెళ్ళి, దిగినవారితో కలిసి ఊరివరకు నడచి రావలసినదిగా సభ్యులను కోరుచున్నాము. ఏ పని ముందు చేయవలెనో ఆ నడకయే మీకు తెలుపును.